మందలోంచి ఇంటికొచ్చిన జ్వరం

మంద మీద ఏదో పడిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా మరిది సైదులు. తెచ్చాడంటే ఫోన్‌లో చెప్పాడు. మాది కోదాడకు దగ్గర, నడిగూడెం మండలంలో ఒక ఊరు. గొర్లే మా బతుకు. వరికోతలు అయ్యాక మందను పొలాల్లో నిలుపుతాం. గొర్ల ఎరువు పొలానికి పడుతుంది, రైతు మాకు వడ్లు కొలుస్తాడు. ఆ ఏడు మందను తోలుకుని మిర్యాలగూడ వైపు, కాలువ కింది పొలాలకు పోయింది సైదులు.

"వదినె, అంగడిల కొత్తగ కొన్న సూడిగొర్లు ఒకదానెనుక ఒకటి ఈసుకపోతున్నయ్. నెలలు నిండకుండనే పిల్లలు పడిపోతున్నయ్. అన్నను తోలుకొని జర నువ్వు రా. నీ చేతి వాసి మంచిది" అన్నాడు.

ఆ గొర్లకున్న జబ్బే తర్వాత నాకూ వచ్చింది, సైదులుకూ వచ్చింది. ఇద్దరికీ ఒకే డాక్టరమ్మ, ఒకే మందులు. నేను ఈ రోజు గడప దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. సైదులు గురించి చివర్లో మిమ్మల్ని ఒకటి అడుగుతాను.

నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయిన ఇంట్లోనే, దీపం పెట్టాక, భక్తి పుస్తకాల్లోని పెద్దక్షరాల మీద వేలు పెట్టించి చదవడం, వాటిని చూసి రాయడం నేర్పాడు. కాబట్టి డాక్టర్లు చెప్పినవి నాకు అర్థమైన మేరకే రాస్తున్నాను. అనుమానం ఉంటే మీ డాక్టరును అడగండి.

సైదులు పిలిచిన మర్నాడే మా ఇంటాయన, నేను మిర్యాలగూడ బస్సెక్కాం. పొలంలో వల కట్టి మందను నిలిపారు. పడిపోయిన పిల్లలను సైదులు గట్టు అవతలికి విసిరేశాడు, అక్కడ కుక్కలు కొట్లాడుకుంటున్నాయి. మేం పోయేసరికి ఇంకో గొర్రె నొప్పులు పడుతోంది. నేను కొంగు దోపి కూర్చున్నాను. అంతకుముందు దాకా మిరపచేలో కాయ కోసిన చేతులు నావి, వేళ్ళ నిండా పగుళ్ళే. ఆ చేతులతోనే పిల్లను లాగాను, మాయను తీసి పక్కన పెట్టాను. పిల్ల కదల్లేదు. మా ఇళ్ళలో అలాంటప్పుడు చేసే పని ఒకటుంది. పిల్ల మూతిని తుడిచి, దాని ముక్కు మీద మన నోరు పెట్టి ఊపిరి ఊదుతాం. మా అత్తమ్మ నాకు నేర్పింది అదే. లింగమంతుల స్వామిని తలచుకుని ఊదాను. కాసేపటికి పిల్ల తల ఊపింది.

"సూసినవా అన్నా! వదినె నోట్ల పాణం ఉంటది. రేపు నాకు పాణం పోతే గిట్లనే ఊదు వదినె" అన్నాడు సైదులు.

"నీ బీడీ కంపుకు ఎవరు ఊదుతర్రా" అన్నారు మా ఇంటాయన. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ పిల్ల సాయంత్రానికి చనిపోయింది. సైదులు మందలోని మేక దగ్గర కూర్చుని, ఎప్పటిలాగే పొదుగు దగ్గరే నోరు పెట్టి పాలు పిండుకుని తాగాడు. పచ్చిపాలు కాపరికి బలమని మా నమ్మకం. చెంబులో పిండిన మొదటి పాలు దేవుడివి. నేను వాటిని మంద దగ్గర పెట్టుకున్న దేవుడి పటం ముందు పెట్టి మొక్కి, తీర్థంగా తీసుకున్నాను.

తర్వాత కొన్ని వారాలు ఏమీ లేదు. మందను సైదులుకు వదిలి మేం ఊరికి వచ్చేశాం.

ఏదో తేడాగా ఉందని నాకు తెలిసిన రోజు సోమవారం. సాయంత్రం దీపం వెలిగించబోతే అగ్గిపుల్ల చేతిలో నిలవలేదు. వణుకు. పండుకుంటే ఒళ్ళంతా చెమట పట్టి జాకెట్టు పిండుకునేంత తడిసింది. పొద్దున లేచేసరికి జ్వరం లేదు, ఏమీ జరగనట్టే ఉంది. ఇంటిపని, చేనుపని చేసుకున్నాను. పొద్దుగూకేసరికి మళ్ళీ అదే వణుకు. పొద్దున మనిషిని, సాయంత్రం మంచాన్ని. అట్లా రోజులు పోయాయి. అన్నం చూస్తే విసుగు. మోకాళ్ళు, నడుము పట్టేసినట్టు ఉండేవి.

ఊళ్ళో సూదిమందు వేసే ఆయన రక్తపరీక్ష చేయించి "టైఫాయిడ్ ఉన్నట్టుంది" అన్నాడు. సెలైన్ పెట్టాడు. తగ్గింది. అమ్మయ్య అనుకుని ఇల్లు కడుక్కునేలోపే మళ్ళీ వచ్చింది. కోదాడలో ఒక డాక్టరు దగ్గరకు పోతే మలేరియా, డెంగ్యూ, వైడాల్ పరీక్షలన్నీ చేయించారు. "రిపోర్టుల్లో పెద్దగా ఏం లేదండీ, వైరల్ ఫీవర్ అయ్యుంటుంది. రెస్ట్ తీసుకోండి" అన్నారు ఆయన. ఆయనను నేను తప్పు పట్టను. ఆయన అడిగిన వాటికన్నిటికీ జవాబు చెప్పాను. గొర్ల సంగతి ఆయన అడగలేదు, నాకు చెప్పాలని తోచలేదు. జ్వరానికీ గొర్రెకూ ఏం సంబంధం అనుకుంటాం?

మా అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. "ఎవల కండ్లు పడ్డయో నా కోడలి మీద" అని ఏడ్చింది. ఆమె ప్రేమకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆ తర్వాత నడుము నొప్పి పెరిగింది. దేవుడి ముందు వంగి దండం పెట్టలేకపోయాను. చేతులు జోడించి నిలబడే మొక్కాను. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ అదే. చివరికి మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగాలన్నా మా ఇంటాయన పట్టుకోవాల్సి వచ్చింది. కారు కిరాయికి మాట్లాడి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ఎమ్మారై తీశారు. "స్పైన్‌లో ఇన్ఫెక్షన్ ఉంది. టీబీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు" అన్నారు. టీబీ అన్న మాట విని మా ఇంటాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు.

మర్నాడు ఒక డాక్టరమ్మ వచ్చింది. మందు రాయలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం పని చేస్తరమ్మా మీరు?"

"ఏముంటది మేడం, ఇంటిపని, చేనుపని. గొర్లున్నయ్."

"గొర్లున్నయా? ఈ మధ్యల ఏమన్న ఈసుకపోయినయా?"

మా మాట ఆమె నోట్లోంచి రావడం విని నాకు ఆశ్చర్యమైంది. జరిగినదంతా చెప్పాను. మాయ తీసిన సంగతి, పిల్ల ముక్కులో ఊదిన సంగతి, తీర్థంగా తీసుకున్న పచ్చిపాల సంగతి. ఊదాను అన్నప్పుడు ఆమె రాస్తున్న పెన్ను ఆగింది.

"నోటితోనా అమ్మా?"

"అవును మేడం. పిల్ల బతకాలె గద."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మంచి మనసుతోనే చేసిన్రు. కానీ ఆ పిల్ల లోపల, ఆ మాయల, ఆ నీళ్ళల్ల క్రిమి ఉండి ఉంటది. మీ చేతి పగుళ్ళ నుంచి పోవచ్చు, నోట్ల నుంచి పోవచ్చు, పచ్చిపాల నుంచి పోవచ్చు. ఇది బ్రూసెల్లోసిస్ అని నాకు అనుమానం. టెస్ట్ చేసి చెప్త."

రక్తం తీసుకుపోయేటప్పుడు ఆమె ల్యాబుకు ఫోన్ చేసి, ఇది బ్రూసెల్లా కావచ్చు, కల్చర్ చేసేవాళ్ళు జాగ్రత్త అని చెప్పింది. ఎందుకు మేడం అని అడిగితే, సీసాలో పెరిగిన క్రిమి గాలిలో కలిసి ల్యాబులో పనిచేసేవాళ్ళకు కూడా అంటుకోగలదు అంది. ముఖం కూడా తెలియని ఆ ల్యాబు మనుషుల కోసం ఆ పూట దేవుణ్ని వేడుకున్నాను. నా రక్తం వల్ల ఇంకొకరి ఇంట్లో దీపం వణకకూడదు కదా.

బ్లడ్ కల్చర్ రావడానికి ఆలస్యమైంది. ముందు వచ్చిన పరీక్షలోనే పాజిటివ్ అని తేలింది. టీబీ కాదు. డాక్టరమ్మ వచ్చి, "భయపడకున్రి. ఇది మందుకు లొంగే జబ్బు. కానీ మొండిది. ఎముకల దాక పోయింది గనుక మూడు నెలలు మందు మింగాలె. మధ్యల ఒక్కనాడు కూడా ఆపొద్దు" అంది. మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోవడం చాలా అరుదనీ, నా కంచం వేరు పెట్టక్కర్లేదనీ మా ఇంటాయనకు చెప్పింది. అప్పటిదాకా ఆయన నా గ్లాసు విడిగా పెడుతున్నారు. ఆ మాట వినగానే ఆ గ్లాసుతోనే నీళ్ళు తాగారు. అది చూసి నాకు కన్నీళ్ళు ఆగలేదు.

పోతూ పోతూ ఆమె ఇంకొకటి అడిగింది. "మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్ల జ్వరం వచ్చిపోతున్నదా?"

నేను వెంటనే సైదులుకు ఫోన్ చేశాను.

"నాకేందే వదినె, ఎండకు జర ఒళ్ళు వేడైతది. పొద్దుగాల్లకు ఖతం. గోలీ ఏసుకుంటున్న."

"చెమటలు పడుతున్నయా?"

"నీకెట్ల తెలుసు?" అన్నాడు.

పరీక్ష చేస్తే అతనికీ అదే. ఎముకలకు పోలేదు, ఆరు వారాల మందు చాలన్నారు. మా ఇంటాయనకు, అత్తమ్మకు ఏమీ లేదని తేలింది. అత్తమ్మ పాలే తాగదు. ఆయన తాగేది టీలో మరిగిన పాలే. దేవుడు వాళ్ళిద్దరినీ అట్లా కాపాడాడు.

రిఫాంపిసిన్ అన్న గోళీ పరగడుపున, డాక్సీసైక్లిన్ రోజుకు రెండుసార్లు. ఒక సూది కూడా కొన్నాళ్ళు వేశారు. గోళీ మింగి వెంటనే పండుకోవద్దు, గొంతు మంట పుడుతుంది, నీళ్ళు బాగా తాగాలి అన్నారు. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు అని ముందే చెప్పారు. చెప్పకపోతే నేను రక్తమనుకుని ఆపేసేదాన్నే. సైదులు వాళ్ళన్నతో, "డాక్టరమ్మ మాకు గోళీలిచ్చిందా, పండుగకు రంగులిచ్చిందానే?" అన్నాడట.

నాకు వాంతులయ్యాయి. ఒక వారం ముద్ద దిగలేదు. వద్దు ఈ మందు అని ఏడిస్తే, మా ఇంటాయన "నువ్వు ఉపాసాలుండే మనిషివి. ఇది గూడ ఒక దీక్షే అనుకో" అన్నారు. ఆ మాట నన్ను నిలబెట్టింది. దీపం పెట్టి, గోళీ మింగి, నిలబడే మొక్కేదాన్ని. ఒక పొద్దున ముందుకు వంగితే చేతులు గడపకు అందాయి. ఆ గడప చల్లదనం నాకు ఇంకా వేళ్ళలో ఉంది.

సైదులుకు అట్లా కాలేదు. అతనికి జ్వరం తొందరగా తగ్గింది. ఆకలి వచ్చింది. మందను మేళ్లచెరువు వైపు తోలుకుపోయాడు. ఆ డాక్సీసైక్లిన్ మింగినవాళ్ళకు ఎండ తగిలితే ఒళ్ళు కాలినట్టు మండుతుంది. నిండు చేతుల చొక్కా వేసుకోమని, తలకు రుమాలు కట్టుకోమని డాక్టరమ్మ చెప్పింది. వీలైతే నీడన ఉండమంది. కాపరికి నీడ ఎక్కడిది? తెల్ల సున్నపురాయి నేల అది. కింది నుంచి కూడా ఎండ కొడుతుంది.

"మొఖం చేతులు ఎర్రగ బొబ్బలొచ్చినయ్ వదినె. గొర్రె నీడకు మేస్తదా చెప్పు? మందను ఎవలకు ఇడిసిపెట్టి పండుకోవాలె?"

"సైదులూ, ఆపకు నాయనా. డాక్టరమ్మకు చెప్పి వేరే మందు అడుగుదం. నువ్వు ఒక్కసారి రా."

"వస్త, ఈ పొలం అయిపోనీ."

రోజూ ఫోన్‌లో అడిగేదాన్ని, మింగినవా అని. మింగిన వదినె అనేవాడు. నాకు బాగోలేదు కదా, నన్ను పరేషాన్ చేయొద్దని అట్లా అన్నాడు. అంతే. అతని మంచితనం నాకు తెలుసు. తర్వాత చాలా రోజులకు అతని భార్య సుజాత మంద దగ్గరికి సద్ది తీసుకుపోయినప్పుడు, వల గుంజకు వేలాడే సంచిలో సగానికి పైగా గోళీలు అట్లాగే ఉన్నాయి.

"ఇదేందయ్యా?" అని అడిగితే, "జ్వరం లేదు, నొప్పి లేదు. ఇంకెందుకే మందు? పచ్చిపాలు బంద్ జేసిన, సాలదా?" అన్నాడట.

జ్వరం పోవడం వేరు, క్రిమి పోవడం వేరు. ఆ తేడా మాకు తెలిసేసరికి కాలం గడిచిపోయింది. సుజాత ఆ సంగతి నాకు చెప్పేసరికే అతనికి మళ్ళీ సన్న జ్వరం మొదలైంది. గట్టు ఎక్కితే ఆయాసం. కాళ్ళు వాచాయి. సూర్యాపేటకు తీసుకొస్తే డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది. ఎకో తీయించింది. "క్రిమి గుండె వాల్వ్ మీద చేరింది. హైదరాబాద్ పోవాలె, ఇయ్యాల్నే" అంది. ఆమె గొంతు అట్లా ఉండటం నేను అంతకుముందు వినలేదు.

అంబులెన్స్ ఎక్కించేటప్పుడు సైదులు నన్ను చూసి నవ్వాడు.

"వదినె, ఆనాడన్న గద. ఊదుతవా?"

"ఊదుత సైదులూ. నువ్వు మంచిగయి రా" అన్నాను.

అక్కడ ఆపరేషన్ చేయాలన్నారు. ముందు ఒళ్ళు కొంచెం కుదుటపడాలి, ఇన్ఫెక్షన్ తగ్గాలి అన్నారు. ఆ కుదుటపడే లోపలే సైదులు పోయాడు. డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. వాళ్ళకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఈ జబ్బుతో ప్రాణం పోవడం తక్కువేనని, మందు పూర్తిగా మింగితే చాలామంది బాగవుతారని తర్వాత చెప్పారు. ఆ తక్కువలో మా సైదులు ఉన్నాడు.

పెద్దకర్మ అయ్యాక పశువుల డాక్టరు వచ్చి మంద మొత్తానికి రక్తపరీక్షలు చేశాడు. జబ్బున్నవాటిని వేరు చేయించాడు. ఊళ్ళో ఒకాయన మా ఇంటాయనతో, "అంగడికి తోలెయ్యరాదు? ఎవడు అడుగుతడు?" అన్నాడు. దానికి మా ఇంటాయన, "మనకు గట్లనే వచ్చినయ్ గద. మా తమ్మునికి వచ్చిన తొవ్వనే ఇంకొగలకు పంపుదమా?" అన్నారు. ఆ గొర్లు మళ్ళీ మందలో కలవలేదు, ఏ అంగడికీ పోలేదు.

ఇప్పుడు మా మందలో గొర్రె ఈనేటప్పుడు చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు. పిల్ల ఊపిరి తీయకపోతే గోనెగుడ్డతో ఒళ్ళు గట్టిగా రుద్దుతాం, ముక్కులో గడ్డిపరకతో కదిలిస్తాం. చాలావరకు తుమ్మి లేస్తాయి. నోరు పెట్టం. పడిపోయిన పిల్లను, మాయను కుక్కలకు అందకుండా లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడుస్తాం. తర్వాత సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటాం. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను ఆ పనికి దగ్గరికి రానివ్వం.

పాల దగ్గరే కొంచెం కష్టమైంది. మొదటి పాలు కాచి నైవేద్యం పెడతానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు.

"ఏందే, దేవునికి కాగిన పాలా? మొదటి పాలు పచ్చియే పెట్టాలె. మా అత్త పెట్టింది, నేను పెట్టిన."

"అత్తమ్మా, కొత్తింట్లకు పోయిన్నాడు పాలు పొంగిచ్చినంకనే గద దేవుణ్ని లోపలికి పిలిచేది? పొంగిన పాలంటే ఆయనకు ఇష్టమే."

ఆమె చాలాసేపు పటం వైపు చూసింది. పటం పక్కనే సైదులు ఫోటో ఉంది. "పొంగియ్యి. వానికి గూడ ఇంత పెట్టు" అంది.

నా నడుము ఇప్పుడు బాగుంది. బరువులు ఎత్తను, అంతే. దండం మాత్రం పూర్తిగా వంగి పెడుతున్నాను. ఆరోగ్యం ఇచ్చిన దేవుడికి, కుర్చీ లాక్కుని కూర్చుని అడిగిన డాక్టరమ్మకు, జాగ్రత్తగా పనిచేసిన ల్యాబువాళ్ళకు రోజూ మొక్కుకుంటాను. జ్వరంతో డాక్టరు దగ్గరికి పోతే, వాళ్ళు అడగకపోయినా మీ ఇంట్లో ఏ పశువులున్నాయో, మీరు ఏ పని చేస్తారో మీరే చెప్పండి. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదొక్కటే.

ఇక మొదట అడుగుతానన్నది. రేపు పొద్దున మీ పొయ్యి మీద పాలు పొంగుకొస్తాయి. మంట తగ్గించే ముందు ఒక్క క్షణం ఆగి, ఎండలో మందను వదల్లేక మందును వదిలేసిన మా సైదులును తలచుకోండి.